డబ్ల్యూఎఫ్‌ఐ లూపు కోసం క్లీన్‌రూమ్‌లో ఆర్బిటల్ వెల్డింగ్ ఫిక్చర్: ప్రాజెక్టు డైరీ

పని పరిధి

హైదరాబాద్ శివార్లలోని ఒక ఇంజెక్షన్ మందుల కర్మాగారంలో, డబ్ల్యూఎఫ్‌ఐ (ఇంజెక్షన్లకు వాడే నీరు) అని పిలిచే శుద్ధ జలం ప్రవహించే లూపు (గొట్టాల వలయం) కోసం, 38.1 మి.మీ. వెలుపలి వ్యాసం, 1.65 మి.మీ. గోడ మందం గల 316ఎల్ స్టెయిన్‌లెస్ ట్యూబులను అతికే పని ఇది. మొత్తం 168 జాయింట్లలో 112 జాయింట్లను ముందుగానే ఒక గదిలో స్పూళ్లుగా (ముందే అతికిన గొట్టపు ముక్కలుగా) తయారు చేసుకోవాలి, మిగతా 56 జాయింట్లను లూపు ఉండే చోటనే చేయాలి. ఆ 112 జాయింట్ల కోసం మేము తయారు చేసుకున్న ఫిక్చర్ గురించే ఈ డైరీ. ఫిక్చర్ చేయవలసిన పనులు మూడు: ట్యూబులను ఎదురెదురుగా సరిగ్గా పట్టుకోవడం, లోపలికి ఆర్గాన్ పంపి గాలిని తరిమివేయడం, అన్నీ సరిగ్గా ఉన్నాయని తేలిన తరువాతనే ఆర్క్‌ను మొదలు పెట్టనివ్వడం. ఆర్బిటల్ వెల్డింగ్ యంత్రం, ట్యూబు చుట్టూ టంగ్‌స్టన్ ఎలక్ట్రోడ్‌ను తిప్పుతూ అతికే వెల్డ్ హెడ్ బయట కొన్నవే. క్లాంపులు, ఫ్రేము, కంట్రోల్ పెట్టె మావి.

గది కొలత 6 × 4 × 2.7 మీటర్లు, అంటే 64.8 ఘనపు మీటర్లు. క్లీన్‌రూమ్‌ల ప్రమాణం ఐఎస్‌ఓ 14644-1 ప్రకారం 8వ తరగతి. గంటకు 20 సార్లు గాలి మారుతుంది. ఆ తరగతిలో ఘనపు మీటరు గాలికి 0.5 మైక్రాన్, అంతకు పైబడిన రేణువులు 35,20,000; 5 మైక్రాన్లు, అంతకు పైబడినవి 29,300 దాటకూడదు. ఈ రెండో సంఖ్యే మమ్మల్ని ఎక్కువగా ఇబ్బంది పెట్టింది.

మొదటి దశ: పట్టు, వరుస (1 నుంచి 4వ రోజు)

మొదటి క్లాంపులను అల్యూమినియంతో, వి ఆకారపు గాడితో చేయించాము. ఖర్చు తక్కువ, తయారీ సులువు. అయితే వి గాడిలో కూర్చున్న రెండు ట్యూబుల వ్యాసాలలో ఏ కొంచెం తేడా ఉన్నా ఆ తేడా అంతా పై వైపుకు చేరుతుంది, కింది వైపు మాత్రం అంచులు కలిసినట్టే కనిపిస్తాయి. మందుల తయారీ పరికరాలకు వర్తించే ఏఎస్‌ఎంఈ బీపీఈ ప్రమాణం ప్రకారం అంచుల మధ్య ఎగుడుదిగుడు గోడ మందంలో 15 శాతం దాటకూడదు, అంటే మా ట్యూబుకు 0.25 మి.మీ. మాత్రమే. పై వైపున డయల్ గేజీతో కొలిస్తే ఆరు కూపన్లలో (పరీక్ష కోసం అతికే ముక్కలలో) నాలుగింటికి 0.28 నుంచి 0.31 మి.మీ. దాకా వచ్చింది.

అదీగాక, క్లాంపు తీసిన తరువాత ట్యూబు మీద తెల్లని గుడ్డతో తుడిస్తే బూడిద రంగు గీత కనబడింది. అది అల్యూమినియం. స్టెయిన్‌లెస్ ఉపరితలం మీద మరో లోహం రుద్దుకోవడం ఈ పనిలో ఒప్పుకోదగినది కాదు, కాబట్టి ఆ క్లాంపులను ఆ రోజే పక్కన పెట్టేశాము.

మార్పులు ఇవి:

1. వి గాడుల స్థానంలో, చుట్టూ సమానంగా బిగిసే కాలెట్లను 316ఎల్ కడ్డీ నుంచి బాలానగర్‌లోని ఒక లేత్ వర్క్‌షాపులో తిప్పించి, లోపలి ముఖాన్ని పాలిష్ చేయించాము.
2. క్లాంపును మూసే న్యూమాటిక్ (గాలితో నడిచే) సిలిండర్ వ్యాసం 40 మి.మీ. కావడంతో 5 బార్ దగ్గర బిగించే బలం సుమారు 628 న్యూటన్లు ఉండేది. దానిని 3 బార్‌కు, అంటే సుమారు 377 న్యూటన్లకు తగ్గించాము. ట్యూబు గుండ్రతనం చెడకుండా ఉండటానికి ఇది చాలు.
3. మూసుకునేటప్పుడు కాలెట్‌కు, ట్యూబుకు మధ్య ఖాళీని 4 మి.మీ.కు పరిమితం చేశాము. వేలు దూరనంత ఖాళీ మాత్రమే ఉండాలన్నది దీని ఉద్దేశం.

ఆ తరువాత చేసిన ఎనిమిది కూపన్లలో అత్యధిక ఎగుడుదిగుడు 0.12 మి.మీ.

*ఇప్పటి దాకా: కూపన్లు 14, లూపు జాయింట్లు 0, ఆర్గాన్ సిలిండర్లు 1 (వాడుకలో ఉంది).*

రెండో దశ: రేణువులు ఎక్కడి నుంచి వస్తున్నాయి (5 నుంచి 9వ రోజు)

వెల్డింగ్ అనగానే పొగ, నిప్పురవ్వలు గుర్తుకు వస్తాయి కనుక, గదిలో వెల్డింగే ప్రధానమైన కాలుష్యమని మా నాణ్యతా విభాగం ముందే నిర్ణయించుకుంది. వారిని ఒప్పించడానికి కాకపోయినా, మాకు మేము తెలుసుకోవడానికి ఒక్కొక్క పనిని విడదీసి కొలిచాము. నిమిషానికి 28.3 లీటర్ల గాలిని పీల్చే రేణువుల కౌంటర్‌ను ఫిక్చర్ నుంచి 300 మి.మీ. దూరంలో పెట్టాము. ఇది గది తరగతిని నిర్ధారించే చోటు కాదు, పనులను ఒకదానితో ఒకటి పోల్చడానికే. ఘనపు మీటరుకు వచ్చిన లెక్కలు (ముందుది 0.5 మైక్రాన్, తరువాతిది 5 మైక్రాన్లు):

1. అన్నీ ఆగి ఉన్నప్పుడు: 1,10,000; 640.
2. క్లాంపులు కదలకుండా ఆర్క్ మాత్రమే: 1,60,000; 900.
3. ఆర్క్ లేకుండా, మూడు నిమిషాలకు ఒకసారి క్లాంపులు తెరిచి మూయడం మాత్రమే: 9,40,000; 41,000.
4. గదిలోనే ట్యూబు అంచు ఫేసింగ్ (చదునుగా చెక్కడం) చేయడం: 7,20,000; 58,000.

ఆర్బిటల్ హెడ్ ట్యూబును చుట్టూ మూసి, లోపల ఆర్గాన్ నింపి, ఫిల్లర్ తీగ లేకుండా ట్యూబు లోహాన్నే కరిగిస్తుంది కాబట్టి అందులో నుంచి బయటకు వచ్చేది చాలా తక్కువ. కాలుష్యం మా చేతులతో చేసిన ఫిక్చర్‌లోనే ఉంది.

ఫేసింగ్ సంగతి తేలికగానే తేలిపోయింది. ఆ పనిని పక్క గదికి మార్చి, ఫేసింగ్ చేసే ముందు ట్యూబులోకి ఒక బిరడా దూర్చి, తరువాత పొట్టు అంతా తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన పాలియెస్టర్ అల్లిక గుడ్డతో ఒకే దిశలో తుడిచి, రెండు చివరలకు మూతలు పెట్టి లోపలికి పంపుతున్నాము. ఆల్కహాల్ పూర్తిగా ఆరిన తరువాతనే వెల్డింగ్‌కు తీసుకోవాలి, అది త్వరగా అంటుకునే ద్రవం. పైగా మిగిలిన ఆవిరి ట్యూబు లోపల నల్లని మసిగా మారుతుంది. మాకు రెండు కూపన్లు అలాగే పాడయ్యాయి.

క్లాంపుల సంగతి అంత తేలికగా తేలలేదు. నాలుగు సిలిండర్ల నుంచి వదిలిన గాలి కంచు సైలెన్సర్ల గుండా నేరుగా గదిలోకి వస్తోంది. ఆ గాలిలో కంప్రెసర్ నూనె తుంపరలు, సైలెన్సర్ రంధ్రాలలో పేరుకున్న ధూళి ఉన్నాయి. సైలెన్సర్లను తీసి, నాలుగు వ్యర్థ వాయు మార్గాలను 10 మి.మీ. గొట్టాలతో ఒక మానిఫోల్డ్‌కు కలిపి గోడ అవతలికి పంపాము. మళ్లీ కొలిస్తే మూడో పరీక్ష 2,90,000; 6,800కు దిగింది.

మిగిలినదానిని తగ్గించడానికి ఒకేసారి మూడు మార్పులు చేశాము: గాలి లైనులోని నూనె వేసే లూబ్రికేటర్‌ను తీసేశాము, లీనియర్ రైలు మీది మామూలు లిథియం గ్రీజును కడిగి క్లీన్‌రూమ్‌ల కోసం చేసిన పీఎఫ్‌పీఈ గ్రీజు పెట్టాము, ప్లాస్టిక్ లింకులు ఒకదానితో ఒకటి రాసుకునే కేబుల్ చైన్‌ను తీసి చదునైన కేబుల్ వేశాము. ఫలితం 1,70,000; 2,100. ఫలితం బాగుంది కాని పద్ధతి బాగాలేదు. మూడింటినీ ఒకేసారి మార్చడంతో ఏది ఎంత పని చేసిందో ఇప్పుడు చెప్పలేము. ఇలాంటి ఫిక్చర్ చేసేవారు ఒక్కొక్కటిగా మార్చి కొలుచుకోవడం మంచిది. లూబ్రికేటర్ తీసేస్తే, జీవితకాలానికి ముందే గ్రీజు పెట్టిన సీళ్లు గల సిలిండర్లే వాడాలి. మాకున్న నాలుగింటిలో రెండు అలాంటివి కావు, వారం తిరగకుండానే పట్టేశాయి.

*ఇప్పటి దాకా: కూపన్లు 20, లూపు జాయింట్లు 0, మార్చిన సిలిండర్లు (గాలివి) 2, ఆర్గాన్ సిలిండర్లు 1.*

మూడో దశ: ఆర్క్ మొదలవగానే క్లాంపు తెరుచుకుంది (10 నుంచి 13వ రోజు)

లూపుకు చెందిన అసలు జాయింట్లు మొదలు పెట్టాము. యంత్రంలో పెట్టిన విలువలు: టంగ్‌స్టన్ 2 శాతం సీరియం కలిపినది, ట్యూబుకు టంగ్‌స్టన్ మొనకు మధ్య దూరం 1.2 మి.మీ., వేగం నిమిషానికి 105 మి.మీ., చుట్టును నాలుగు భాగాలు చేసి పల్స్ గరిష్ఠ కరెంటు వరుసగా 68, 66, 64, 62 ఆంపియర్లు, కనిష్ఠ కరెంటు 22 ఆంపియర్లు. చుట్టు తిరిగే కొద్దీ ట్యూబు వేడెక్కుతుంది కాబట్టి కరెంటు తగ్గించుకుంటూ పోవాలి. ట్యూబు చుట్టుకొలత 119.7 మి.మీ. కనుక ఒక చుట్టుకు 68 సెకన్లు, మొదలైన చోటును దాటి కప్పడానికి మరికొన్ని సెకన్లు. ఈ విలువలను మక్కికి మక్కి తీసుకోవద్దు. హెడ్ మారినా, ట్యూబు బ్యాచ్ మారినా కూపన్‌తో తిరిగి సరిచూసుకోవాలి.

ఆరో జాయింట్ దగ్గర ఆర్క్ వెలిగిన మరుక్షణం కంట్రోల్ తెర ఆరిపోయి మళ్లీ వెలిగింది. “సార్, పట్టు వదిలేసింది” అని వెల్డర్ అరిచేసరికే కుడి వైపు ట్యూబు 2 మి.మీ. పక్కకు జరిగి ఉంది. తొమ్మిదో జాయింట్‌కు మళ్లీ అదే జరిగింది.

మాది వంటి టిగ్ (టంగ్‌స్టన్‌తో ఆర్క్ వెలిగించే) యంత్రాలలో ఆర్క్‌ను వెలిగించడానికి అత్యధిక పౌనఃపున్యపు హై వోల్టేజీ పంపుతారు. ఆ క్షణంలో పక్కనున్న తీగలలో అలజడి పుడుతుంది, అది క్లాంపులను నడిపే మా పీఎల్‌సీని (కంట్రోల్ కంప్యూటర్‌ను) రీసెట్ చేసింది. అది మాత్రమే అయితే తెర ఆరి వెలిగేది, అంతే. అసలు తప్పు మేము ఎంచుకున్న వాల్వులలో ఉంది: అవి ఒకే కాయిల్, స్ప్రింగ్ ఉన్నవి, కరెంటు పోతే స్ప్రింగ్ వాటిని తెరిచిన స్థితికి తెచ్చేస్తుంది. కరెంటు పోయినప్పుడు పట్టు వదలడం క్షేమమని రూపకల్పన సమయంలో అనుకున్నాము. కరిగిన లోహాన్ని పట్టుకుని ఉన్న ఫిక్చర్‌కు ఆ ఆలోచన సరిపడదు.

చేసిన మార్పులు:

1. రెండు కాయిళ్ల వాల్వులు వేశాము. కరెంటు పోయినా ఆఖరి స్థితిలోనే నిలుస్తాయి.
2. వెల్డింగ్ కేబుల్‌ను, సెన్సర్ తీగలను వేర్వేరు దారులలో, కనీసం 500 మి.మీ. ఎడంగా నడిపించాము.
3. సెన్సర్ తీగలన్నీ కవచం ఉన్నవి వేసి, ఆ కవచాన్ని కంట్రోల్ పెట్టె వైపు మాత్రమే ఎర్త్ చేశాము.
4. ఫిక్చర్ ఫ్రేమును మందపాటి అల్లిక తీగతో వెల్డింగ్ యంత్రం ఎర్త్ కడ్డీకి కలిపాము.

నలభై సార్లు వరుసగా ఆర్క్ వెలిగించి చూశాము. తెర ఒక్కసారి కూడా ఆరలేదు.

*ఇప్పటి దాకా: కూపన్లు 23, జాయింట్లు 9, తిరస్కరించినవి 2, ఆర్గాన్ సిలిండర్లు 1.*

నాలుగో దశ: నీలి రంగు, పేలిన అంచు (14 నుంచి 24వ రోజు)

వెల్డ్ లోపలి రంగును (లోపల ఆక్సిజన్ మిగిలితే అది ముదురుతుంది) అమెరికన్ వెల్డింగ్ సొసైటీ వారి ఏడబ్ల్యూఎస్ డి18.2 రంగుల పటంతో పోలుస్తున్నాము. మూడో నమూనా కన్నా ముదురుగా ఉంటే మా ఒప్పందం ప్రకారం కోసి పారేయాలి. బోరోస్కోప్‌తో (ట్యూబు లోపల చూసే సన్నని పరికరంతో) చూస్తే నాలుగు జాయింట్లలో వెల్డ్ పక్కన నీలి పట్టీ కనబడింది. ఆక్సిజన్ అనలైజర్ మాత్రం 38 పీపీఎం (పది లక్షల భాగాలలో 38) చూపిస్తోంది. ఎంత సేపు ఆర్గాన్ పంపినా అక్కడే ఆగింది.

ముందు సిలిండర్‌ను అనుమానించాము. కొత్త సిలిండర్ పెట్టినా అదే 38. తరువాత జాయింట్ దగ్గర కారుతోందేమోనని చూశాము, లేదు. చివరకు దోషం ఆర్గాన్ తెచ్చే గొట్టంలో తేలింది. అది 8 మీటర్ల సిలికోన్ గొట్టం. మెత్తగా వంగుతుందని, శుభ్రంగా కనిపిస్తుందని వేసుకున్నాము. సిలికోన్ గోడ గుండా బయటి ఆక్సిజన్ లోపలికి దూరుతుంది. గొట్టం లోపల ఆర్గాన్ ఒత్తిడి ఎక్కువగా ఉన్నా అది ఆగదు, ఎందుకంటే ప్రతి వాయువు తన సొంత పాక్షిక పీడనం తేడాను బట్టే కదులుతుంది. వానాకాలపు తేమ కూడా అదే దారిలో వచ్చి ఉంటుంది. స్టెయిన్‌లెస్ ముడతల గొట్టం వేయగానే అనలైజర్ 9కి దిగింది.

ఎంత సేపు పంపాలన్నది కూడా ఇక్కడే లెక్క వేసుకున్నాము. ట్యూబు లోపలి వ్యాసం 34.8 మి.మీ. కాబట్టి మీటరుకు 0.95 లీటర్లు పడుతుంది. 3 మీటర్ల స్పూలుకు 2.85 లీటర్లు. గాలిలో సుమారు 2,09,000 పీపీఎం ఆక్సిజన్ ఉంటుంది, దానిని 10కి దించాలంటే, లోపల పూర్తిగా కలిసిపోతుందని అనుకుంటే, ఘనపరిమాణానికి పది రెట్లు ఆర్గాన్ కావాలి. నిమిషానికి 10 లీటర్ల చొప్పున ఇది దాదాపు మూడు నిమిషాలు. నిజంగా కొలిస్తే తిన్నని స్పూలుకు నాలుగున్నర నిమిషాలు పట్టింది. టీ (పక్కకు కొమ్మ ఉన్న మూడు దారుల ముక్క) ఉన్న స్పూలుకు తొమ్మిది నిమిషాలు, ఎందుకంటే మూసిన కొమ్మలో గాలి కదలకుండా కూర్చుంటుంది. ఆ కొమ్మ మూతకు 3 మి.మీ. రంధ్రం పెట్టిన తరువాత ఐదు నిమిషాలకు తగ్గింది.

రెండో చిక్కు వేరు. రెండు జాయింట్లలో చుట్టు ముగిసే చోట కరిగిన లోహం బయటికి ఉబ్బి, లోపల గుంట పడింది. చేత్తో చేసేటప్పుడు ట్యూబు చివరలకు అంటించే టేపు ఎప్పుడూ కొంత కారుతూ ఉంటుంది, కాబట్టి లోపల ఒత్తిడి పెరగదు. మా ఫిక్చర్ మూతలు బాగా బిగిశాయి, ఆర్గాన్‌ను బయటికి వదిలే రంధ్రం మాత్రం 3 మి.మీ. మాత్రమే. ఒక పాత ట్యూబుకు నీటి మానోమీటర్ తగిలించి చూస్తే 42 మి.మీ. నీటి మట్టం చూపింది. నీటి మానోమీటర్‌ను అసలు స్పూలుకు తగిలించకూడదు, తేమ లోపలికి పోతుంది. రంధ్రాన్ని 6 మి.మీ.కు పెంచి, డిజిటల్ గేజీ పెట్టి, ఒత్తిడిని 10 మి.మీ. దగ్గర నిలిపాము. గుంటలు పోయాయి.

19వ రోజు ఉదయం సిలిండర్ ఖాళీగా కనబడింది. పర్జింగ్ (ట్యూబులోకి ఆర్గాన్ పంపే) వాల్వు మూయకుండానే రాత్రి షిఫ్టు వెళ్లిపోయింది. నిమిషానికి 10 లీటర్లు, 12 గంటలు అంటే 7,200 లీటర్లు, ఒక సిలిండర్‌లో ఉండేది దాదాపు అంతే. ఎయిర్ హ్యాండ్లింగ్ యూనిట్ నడుస్తూ ఉండటంతో ప్రమాదం తప్పింది. అది ఆగి ఉంటే 64.8 ఘనపు మీటర్ల గదిలో 7 ఘనపు మీటర్ల ఆర్గాన్ చేరి ఆక్సిజన్ 20.9 నుంచి సుమారు 18.8 శాతానికి దిగేది. అది గది సగటు మాత్రమే, ఆర్గాన్ గాలి కన్నా బరువు కాబట్టి నేల దగ్గర ఇంకా తక్కువ ఉండవచ్చు. వాసన లేదు, రంగు లేదు, మనిషికి ముందుగా ఏ సూచనా అందదు. ఆ రోజే నేలకు 300 మి.మీ. ఎత్తున 19.5 శాతం దగ్గర మోగే ఆక్సిజన్ అలారం పెట్టాము, యూనిట్ ఆగితే ఆర్గాన్ దానంతట అదే మూసుకునే వాల్వు వేశాము. ఇది మొదటి రోజే చేయవలసిన పని.

*ఇప్పటి దాకా: కూపన్లు 38, జాయింట్లు 33, తిరస్కరించినవి 8 (రంగు 4, ఒత్తిడి 2, క్లాంపు 2), ఆర్గాన్ సిలిండర్లు 3 (ఒకటి వృథా).*

ఐదో దశ: గంధకం (25 నుంచి 31వ రోజు)

అన్నీ కుదిరాయనుకున్న సమయంలో, టీలు అతికిన ఏడు జాయింట్లలో లోపలి వెల్డ్ బీడ్ (అతికిన చోట గట్టిపడిన లోహపు పట్టీ) టీ వైపుకు 0.6 మి.మీ. జరిగి, ట్యూబు వైపు అంచు కొంత భాగం కరగకుండా మిగిలిపోయింది. బయట నుంచి చూస్తే ఏ లోపమూ లేదు. టంగ్‌స్టన్ మధ్యలోనే ఉంది, వరుస 0.12 లోపే ఉంది.

మిల్లు ధ్రువపత్రాలు తీసి చూశాము. ట్యూబులో గంధకం 0.009 శాతం, టీలలో 0.002 శాతం. కరిగిన లోహం ఉపరితలం మీద ప్రవాహం ఎటు సాగాలన్నది గంధకం మీద ఆధారపడుతుంది. తేడా ఎక్కువైతే కరిగిన లోహం గంధకం తక్కువ ఉన్న వైపుకు లాగబడుతుంది. అందుకే బీపీఈ ప్రమాణం 316ఎల్‌కు గంధకాన్ని 0.005 నుంచి 0.017 శాతం మధ్య ఉండాలంటుంది. మా కొనుగోలు ఆర్డర్‌లో టీల దగ్గర ఆ వాక్యం రాయడం మరిచిపోయాము. తప్పు పంపినవారిది కాదు, మాది.

ఇక్కడ నేను మూడు రోజులు వృథా చేశాను. ఫిక్చర్‌తో దీనిని సరిచేయవచ్చని, టంగ్‌స్టన్‌ను ట్యూబు వైపుకు 0.4 మి.మీ. జరిపి తొమ్మిది కూపన్లు చేశాను. ఐదు బాగా వచ్చాయి, నాలుగు రాలేదు. సగం సగం వచ్చే ఉపాయం ఉపాయం కాదు. టీలన్నీ వెనక్కి పంపి, గంధకం 0.007 శాతం ఉన్నవి తెప్పించాము. టంగ్‌స్టన్‌ను మధ్యకు తెచ్చి పెట్టగానే బీడ్ మధ్యలోనే పడింది. ఇప్పుడు ప్రతి హీట్ నంబరునూ (ఉక్కు కరిగించిన బ్యాచ్ సంఖ్యనూ) గదిలోకి తెచ్చే ముందే పట్టికలో రాసి, ఒక జాయింట్‌లోని రెండు ముక్కల గంధకం పక్కపక్కన కనబడేలా ఉంచుతున్నాము.

*ఇప్పటి దాకా: కూపన్లు 47, జాయింట్లు 61, తిరస్కరించినవి 15, ఆర్గాన్ సిలిండర్లు 4.*

ఆరో దశ: ఆర్క్‌కు తాళం (32 నుంచి 52వ రోజు)

పై దశలలో నేర్చుకున్న ప్రతి విలువనూ కంట్రోల్ పెట్టెలో ఒక షరతుగా పెట్టాము. కింది నాలుగూ నెరవేరితేనే యంత్రానికి ప్రారంభ సంకేతం వెళుతుంది:

1. ఆక్సిజన్ 10 పీపీఎం లోపు, వరుసగా 30 సెకన్లు.
2. లోపలి ఒత్తిడి 6 నుంచి 14 మి.మీ. నీటి మట్టం మధ్య.
3. రెండు కాలెట్లూ మూసుకున్నట్టు సెన్సర్లు చెప్పడం.
4. ఆ షిఫ్టు కూపన్ నంబరు, తనిఖీ చేసిన వారి సంతకపు సంఖ్య నమోదు కావడం. టంగ్‌స్టన్ మారినా, సిలిండర్ మారినా కొత్త కూపన్ కావాలి.

క్లాంపులు వాటంతట అవే కదలడానికి మేము పెట్టిన ఖర్చులో నాలుగో వంతు కూడా ఈ తాళానికి కాలేదు. అయినా తిరస్కరణలను నిలిపింది ఇదే. వెల్డర్లకు మొదట నచ్చలేదు. “సార్, ఈ మిషన్ చేయడం కంటే వద్దనడమే ఎక్కువ” అన్నారు. మొదటి వారంలో 23 సార్లు వద్దన్నది: అందులో 17 సార్లు ఆక్సిజన్, 4 సార్లు ఒత్తిడి, 2 సార్లు కూపన్. ఒత్తిడి కేసులు నాలుగూ ఒకే కారణం, వదిలే రంధ్రం మీద ఎవరో గుడ్డ పెట్టి మరిచిపోవడం. ఇప్పుడు ఆ రంధ్రానికి పక్కకు తిరిగిన చిన్న గొట్టం వేశాము, దాని మీద ఏదీ నిలవదు.

ఈ దశలో 68 జాయింట్లు చేసి రెండు తిరస్కరించాము. రెండూ అరిగిన టంగ్‌స్టన్ మొన వల్లనే. ఎన్ని ఆర్క్‌లు అయ్యాయో లెక్కపెట్టే ఐదో షరతును ఆ తరువాత చేర్చి, 12 జాయింట్లకు ఒకసారి మొన మార్చేలా పెట్టాము.

*మొత్తం: జాయింట్లు 129, అంగీకరించినవి 112, తిరస్కరించినవి 17, కూపన్లు 71, ఆర్గాన్ సిలిండర్లు 6, రేణువుల కౌంటర్ ఆఖరి రీడింగ్ (పని జరుగుతూ ఉండగా) 1,80,000; 2,300.*

మిగిలిన పని

56 జాయింట్లు లూపు ఉన్న చోట, పైకప్పు కింద, మనిషి తల పట్టనంత ఇరుకులో చేయాలి. ఫిక్చర్ అక్కడికి పోదు. కంట్రోల్ పెట్టె, అనలైజర్, ఒత్తిడి గేజీలను మాత్రం చక్రాల స్టాండ్ మీద బిగించి తీసుకుపోతున్నాము. చేతి క్లాంపులకు మూసుకున్నట్టు చెప్పే సెన్సర్ లేదు కాబట్టి మూడో షరతు స్థానంలో డయల్ గేజీ రీడింగ్‌ను చేత్తో నమోదు చేయాలి. సిట్రిక్ ఆమ్లంతో పాసివేషన్ (ఉపరితలం తుప్పు పట్టకుండా చేసే శుద్ధి) లూపు అంతా పూర్తయిన తరువాతనే.

కాలెట్లను నిన్న కొలిచాను. కొత్తలో 0.12 ఉన్న ఎగుడుదిగుడు ఇప్పుడు 0.15 మి.మీ. చూపుతోంది. 0.18 దగ్గర మార్చాలని నిర్ణయించి, రెండో జత కోసం అదే వర్క్‌షాపుకు డ్రాయింగ్ పంపాను. ఈసారి నోటి అంచున 0.5 మి.మీ. గుండ్రని మలుపు చేర్చాను, ఎందుకంటే అరుగుదల అంతా అక్కడే మొదలైంది.